దాలి నుంచి తెనాలి దాకా: 28 యువాన్ల పచ్చి పుఅర్ టీతో నా అనుభవం

2025 ఫిబ్రవరి ఆఖరి వారంలో 28 యువాన్లు పెట్టి ఒక పచ్చి పుఅర్ టీ తువో కొన్నాను. పుఅర్ అంటే చైనాలోని యున్నాన్లో తయారయ్యే టీ. కుప్పపోసి పులియబెట్టకుండా నొక్కినది పచ్చి రకం, తువో అంటే అలా నొక్కిన ముద్ద. మన లెక్కలో 330 రూపాయల పైచిలుకు. బరువు 100 గ్రాములు. దాన్ని ఇష్టంగా తాగడానికి ఏప్రిల్ సగం దాకా పట్టింది. ఈలోపు ఏమేం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ ఎంత ఆగాలో అన్నీ రాస్తున్నాను. చవక రకం కొని, మొదటి గుక్కకే మొహం చిట్లించి పక్కన పెట్టేసినవాళ్లను మా హాస్టల్లోనే చాలామందిని చూశాను. ఆ డబ్బాలు ఇంకా వాళ్ల అలమరల్లోనే ఉన్నాయి. మంచి టీ అలా మూలన పడి ఉండటం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నేను యున్నాన్ రాష్ట్రంలోని దాలిలో మెడిసిన్ చదువుతున్నాను. సొంతూరు తెనాలి. దాలిలో కొత్త ఊరి భాగాన్ని షియాగ్వాన్ అంటారు. దాదాపు 2,000 మీటర్ల ఎత్తు, ఏడాదంతా ఈదర గాలి. పుఅర్ టీని బిళ్లలుగా, ఇటుకలుగా, తువోలుగా నొక్కి అమ్ముతారు. తువో అంటే ఒకవైపు గుండ్రంగా, ఇంకోవైపు లోతుగా గుంటపడి ఉండే ముద్ద. ఆ ఆకారానికి పుట్టిల్లు ఈ ఊరే. అందుకే ఇక్కడ కిరాణా కొట్లో కూడా తువో దొరుకుతుంది.

చైనా కొత్త సంవత్సరం సెలవులయ్యాక కొట్లు మళ్లీ తెరిచారు. మా సీనియర్ అక్కది వరంగల్. "కొనకున్నా ఏం కాదు, కూసొని తాగొచ్చు, దా" అని తనకు తెలిసిన టీ కొట్టుకు తీసుకెళ్లింది. నిజంగానే అలాగే జరిగింది. కొట్టు నడిపే ఆవిడని మేం ఆయీ అని పిలుస్తాం, ఆంటీ అన్నట్టు. ఏం కొంటారని అడగలేదు. కూర్చోమని, ఆకు తూచి, చిన్న పింగాణీ కప్పులో వేసి, మరుగుతున్న నీళ్లు పోసి, ఆ నీళ్లను వెంటనే పారబోసింది. అది కడుగు నీళ్లు, తాగరు. మళ్లీ పోసి, ఐదారు సెకన్లలో వంచేసి, మా ముందు రెండు గుక్కలు పట్టే కప్పుల్లో నింపింది. కప్పు నింపినప్పుడు బల్ల మీద వేళ్లతో మెల్లగా తడితే థాంక్స్ చెప్పినట్టని అక్క చూపించింది.

మొదటి గుక్క చేదు. వెంటనే వగరు, బుగ్గల లోపల తడి అంతా పీల్చేసినట్టు. వెనకాలే కట్టెల పొయ్యి పొగ వాసన. మింగాక కూడా నాలుక మీద చేదు అలాగే ఉంది. ఆయీ నా మొహం చూసి, పక్క కప్పులో ఉత్త గోరువెచ్చని నీళ్లు పోసి ఇచ్చింది. అవి తాగాను. గొంతు మొదట్లోంచి తీపి పైకి వచ్చింది. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే వచ్చే తీపి ఉంటుందే, సరిగ్గా అదే. దాన్ని ఇక్కడివాళ్లు హ్వేగాన్ అంటారు. పచ్చి పుఅర్ తాగేది దానికోసమేనని అక్క చెప్పింది. చేదు ఉండొచ్చు, కానీ కరిగిపోవాలి. వగరు ఉండొచ్చు, కానీ వదిలిపెట్టాలి. రెండూ నోట్లో అలాగే అతుక్కుని కూర్చుంటే ఆకులోనో, టీ పెట్టిన తీరులోనో ఏదో తేడా ఉన్నట్టు. ఆరోజు మేం తాగింది షియాగ్వాన్ జియాజీ తువో, ఇక్కడి ఫ్యాక్టరీ చేసే రకం. స్టూడెంట్లు కొనగలిగిన ధర, ఊరంతటా దొరికే సరుకు.

కొనేముందు పాత ఊరికి కూడా వెళ్లి చూశాను. కోట గోడల లోపల టూరిస్టుల కోసం వరసగా టీ కొట్లు. ఒక కొట్టులో 357 గ్రాముల బిళ్ల 60 యువాన్లకే ఇస్తామన్నారు. కాగితం మీద "గూషూ" అని రాసి ఉంది, అంటే వందల ఏళ్ల చెట్ల ఆకు అని. అక్క అక్కడేమీ అనలేదు, బయటికొచ్చాక చెప్పింది: లావోబాన్‌జాంగ్ లాంటి పేరున్న ఊళ్లలో పాత చెట్ల ముడి ఆకే కిలోకు వేల యువాన్లు పలుకుతుంది, అలాంటిది 60కి బిళ్ల ఎలా వస్తుంది? చవకగా కొనేటప్పుడు తోటల్లో పెంచిన పొదల ఆకు అని ఒప్పుకుని అమ్మే సరుకే నయం. పెద్ద ఫ్యాక్టరీ తువో కొంటే డబ్బా మీద తయారీ తేదీ ఉంటుంది, ఏటా దాదాపు ఒకే రుచి ఉంటుంది, నచ్చితే మళ్లీ అదే కొనుక్కోవచ్చు. నేను ఆయీ దగ్గరికే తిరిగి వచ్చి, 2024లో తయారైన తువో తీసుకున్నాను.

టీతో ఖర్చు అయిపోదు. గైవాన్, అంటే మూతా సాసరూ ఉన్న 100 మిల్లీలీటర్ల పింగాణీ కప్పు, 22 యువాన్లు. తువో విడగొట్టడానికి టీ సూది 12. చిన్న డిజిటల్ తూకం 19. వంచిన టీ పట్టుకోవడానికి గాజు జగ్గు 15. టీ వడగట్టే జల్లెడ 8. తర్వాత కొన్న మట్టి జాడీ 20. తువోతో కలిపి 124 యువాన్లు, మన డబ్బులో 1,500 లోపే. వీటిలో తూకం, సూది తప్పనిసరి. గైవాన్ లేకపోతే మూత ఉన్న చిన్న కప్పు ఏదైనా సరిపోతుంది. గైవాన్ కొంటే అంచు బయటికి బాగా విచ్చుకున్నదే ఎంచుకోండి. నీళ్లు అంచు దాకా పోయకుండా కాస్త తగ్గించి, ఆ విచ్చుకున్న చోట రెండు వేళ్లతో పట్టుకుని, చూపుడు వేలు మూత మీద పెట్టి వంచాలి. నిటారు అంచు ఉన్నది పట్టుకుంటే వేళ్లు కాలతాయి. మొదట్లో చల్లటి నీళ్లతో వంచడం ప్రాక్టీస్ చేశాను, చాలా పనికొచ్చింది.

ఇక తువో విరగ్గొట్టడం. ఈ మొత్తం వ్యవహారంలో నేను బాగా నేర్చుకున్నది ఇక్కడే, టీ రుచి సగం తేలిపోయేదీ ఇక్కడేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. షియాగ్వాన్ తువో చాలా గట్టిగా నొక్కి ఉంటుంది. సూది గుచ్చి బలవంతంగా లాగితే ఆకు విరిగి నూకగా రాలుతుంది. నూక నుంచి చేదు, వగరు ఒక్కసారిగా దిగుతాయి. అదే ఆకు రేకులు రేకులుగా, పొరలు విడిపోయేలా వస్తే సారం మెల్లగా దిగుతుంది. ఆయీ చూపించిన పద్ధతి ఇది: తువోను బోర్లించకుండా గుంట పైకి వచ్చేలా బల్ల మీద పెట్టాలి. కింద మందపాటి గుడ్డ వేయాలి. గుంట అంచు దగ్గర ఆకు పొరలు ఎటు పడుకుని ఉన్నాయో చూసి, ఆ పొరల వెంబడే సూదిని కొంచెం కొంచెంగా దింపాలి. ఒకచోట దింపి, తీసి, వేలెడు దూరంలో మళ్లీ దింపి, అప్పుడు మెల్లగా పైకెత్తాలి. సూది మొన ఎప్పుడూ రెండో చేతి వైపు ఉండకూడదు. మా రూమ్మేట్ తువోను అరచేతిలో పట్టుకుని గుచ్చితే సూది జారి బొటనవేలి కింద దిగింది. రెండు కుట్లు పడ్డాయి, టీటీ ఇంజెక్షన్ చేయించాం. బల్ల మీద పెట్టే చేయండి, దయచేసి.

వంద గ్రాముల తువో మొత్తం విప్పితే నాకు పదిహేను గ్రాముల దాకా నూక మిగిలింది. దాన్ని పారేయలేదు, విడిగా చిన్న కవర్లో పోశాను. దాని ఉపయోగం తర్వాత చెబుతాను.

మార్చి మొదటి వారం నుంచి రూమ్‌లో సొంతంగా పెట్టడం మొదలుపెట్టాను. ఆయీ కొట్టులో 100 మిల్లీలీటర్ల నీటికి 7 గ్రాములు వేస్తారు. నా నోటికి అది ఎక్కువ. 5 గ్రాములకు దించాను. నీళ్లు మరిగిన వెంటనే పోస్తాను. దాలి ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అంతకు మించి వేడెక్కవు. లేత పచ్చి పుఅర్‌కు ఇది మేలే చేసిందని తెనాలి వెళ్లాక అర్థమైంది. కడుగు నీళ్లు ఐదు సెకన్లు ఉంచి పారబోయడం. పెద్ద ముక్క వేస్తే రెండోసారి కూడా కడిగి, మూత పెట్టి ఒక నిమిషం వదిలేయడం. ఆ నిమిషంలో ముక్క లోపలి దాకా ఆవిరి పట్టి విచ్చుకుంటుంది. అదే ఆకు మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి టీ వంచుతాం, ఒక్కోసారిని ఒక విడత అంటున్నాను. ఇది చేయకపోతే మొదటి రెండు విడతలు నీళ్లలా ఉండి, నాలుగోది నోరు తిప్పనివ్వనంత చేదు అవుతుంది.

ఆ తర్వాత విడతలు. మొదటి నాలుగైదు విడతలకు నీళ్లు పోసి మూత పెట్టి, వెంటనే వంచేయడమే. వంచడానికే ఐదు సెకన్లు పడుతుంది, ఆకుకు ఆ సమయం చాలు. ఆరో విడత నుంచి పది సెకన్లు, తర్వాత పదిహేను, ముప్పై. పదో విడత దాటాక నిమిషం. ఒక్క చుక్క కూడా కప్పులో మిగలకుండా వంచాలి. మిగిలిన ఆ కాస్త నీళ్లలోనే ఆకు నానుతూ ఉండి తర్వాతి విడతను పాడు చేస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఏ విడత ఎన్ని సెకన్లు, చేదు ఎంతసేపు నిలిచింది, తీపి ఎప్పుడు వచ్చింది అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఫార్మకాలజీ నోట్స్ రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో. ఆ పేజీలు తిరగేస్తే ఒకటి స్పష్టంగా కనిపించింది. చేదు తగ్గింది సెకన్లు తగ్గించినప్పుడు కాదు, నూక ఏరేసినప్పుడు. సెకన్లు రెండో స్థానం.

అయినా మార్చిలో ఆ పొగ వాసన నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఈ తువోకు పొగ ఉండటం మామూలే, పాతకాలం నుంచి తాగేవాళ్లు అదే కావాలని అడిగి కొంటారు. నాకు మాత్రం మూత ఎత్తగానే ముక్కుకు కొట్టేది. ఆయీని అడిగితే, విప్పిన ఆకును మట్టి జాడీలో వేసి, మూతకు బదులు కాగితం కట్టి, మూడు నాలుగు వారాలు దాని మానాన దాన్ని వదిలెయ్యమంది. నిద్ర లేపడం అంటారు దీన్ని ఇక్కడ. మార్చి మూడో వారంలో జాడీలో వేశాను. రోజూ కాగితం విప్పి వాసన చూడాలనిపించేది. వారం తర్వాత ఏ తేడా లేదు. రెండు వారాలకు పొగ కింద ఏదో ఎండు పండు వాసన తగిలినట్టు అనిపించింది, నమ్మకం కుదరలేదు. ఏప్రిల్ సగంలో, ఇంటర్నల్ పరీక్షలు అయిన సాయంత్రం, 5 గ్రాములు తీసి పెట్టాను. పొగ పూర్తిగా పోలేదు, వెనక్కి తగ్గింది. రంగు లేత పసుపు, తేటగా ఉంది. మూడో విడతలో చేదు నాలుక మీదికి వచ్చింది, మింగేలోపే కరిగింది. తర్వాత ఉత్త నీళ్లు తాగకుండానే గొంతులో తీపి. ఆయీ కొట్టులో నీళ్లు తాగాక వచ్చిన తీపి, ఇప్పుడు నా రూమ్‌లో నేను పెట్టిన టీలో తనంతట తానే వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి అంటే అతి అనుకోవద్దు. ఆ వారం పరీక్షల టెన్షన్‌లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఇంటికి ఫోన్ కూడా చేయలేదు. ఆ రాత్రి పన్నెండో విడత దాకా తాగుతూ అమ్మతో గంటసేపు మాట్లాడాను.

అలా గంటల తరబడి తాగితే నిద్ర ఉండదు, అది కూడా రాస్తున్నాను. ఆ రాత్రి మూడు దాటాకే కన్ను మూతపడింది. అప్పటి నుంచి సాయంత్రం నాలుగు తర్వాత తాగను. దీనికంటే ముఖ్యమైనది ఖాళీ కడుపు. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం ఉదయం టిఫిన్ చేయకముందు నాలుగైదు విడతలు తాగాను. చేతులు సన్నగా వణికాయి, తల తేలిపోయింది, చెమట పట్టింది, కడుపులో తిప్పింది. నాకు బీపీ పడిపోతుందేమోనని భయం వేసింది. అక్క వచ్చి బెల్లం ముక్క లాంటి ఎర్ర చక్కెర ఇచ్చి, బన్ను తినిపించింది. అరగంటలో కుదుటపడ్డాను. టీ మత్తు అని ఇక్కడివాళ్లకు మామూలు విషయం, టీ బల్ల మీద ఎప్పుడూ వేరుశనగపప్పో, ఖర్జూరమో ఎందుకు పెడతారో అప్పుడు తెలిసింది. లేత పచ్చి పుఅర్ భోజనమయ్యాక గంట ఆగి తాగితే హాయిగా ఉంటుంది. కడుపులో మంట, అల్సర్ ఉన్నవాళ్లకు నేనైతే ఇది ఇవ్వను.

మే డే సెలవుల్లో మా క్లాస్‌మేట్ వాళ్ల ఊరు షిజౌ వెళ్లాను. తను బై జాతి అమ్మాయి. షిజౌలో యెన్ కుటుంబం పాత భవంతి ఇప్పుడు మ్యూజియం. ఆ కుటుంబం నడిపిన యోంగ్‌చాంగ్‌షియాంగ్ అనే వ్యాపార సంస్థే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో షియాగ్వాన్‌లో తువోకు ఇప్పటి ఆకారం తెచ్చిందని చెబుతారు. భవంతి కంటే నాకు వాళ్ల ఇంట్లో నాయనమ్మ పెట్టిన టీ గుర్తుండిపోయింది. బొగ్గుల మీద గుప్పెడంత మట్టి ముంతను కాల్చి, అందులో మామూలు తువో ఆకే వేసి, ముంతను పట్టుకుని కుదుపుతూ వేయించింది. ఆకు గోధుమ రంగుకు తిరిగి, ఇల్లంతా వాసన నిండాక మరిగే నీళ్లు కాసిని పోసింది. ముంతలోంచి భళ్లున చప్పుడు, నురగ పైకి పొంగింది. ఈ చప్పుడు వల్లే దీన్ని ఉరుము టీ అని కూడా అంటారట. వేయించిన ఆకులో వగరు చాలా తగ్గింది, పొగ వాసన కమ్మదనంగా మారింది. బైవాళ్లు అతిథులకు మూడు టీలు ఇస్తారు: మొదటిది ఈ చేదు టీ, రెండోది అక్రోటు పలుకులు, ఎర్ర చక్కెర వేసిన తీపి టీ, మూడోది తేనె, అల్లం, సిచువాన్ మిరియాలతో ఘాటుగా. నేను పక్కన పెట్టిన నూక కవరు గుర్తొచ్చింది. హాస్టల్‌కి వచ్చాక ఇనుప మూకుడులో చిన్న మంట మీద మూడు నిమిషాలు ఆ నూకను వేయించి, జల్లెడలో వడగట్టి తాగాం. నూక అలా ఖర్చయింది. మూకుడుకు నూనె జిడ్డు లేకుండా చూసుకోవాలి, అంతే.

జూన్‌లో ఆయీ అదే తువో 2014లో తయారైనది చూపించింది. 85 యువాన్లు, కొత్తదానికి మూడింతలు. కొనకముందే పక్కపక్కన పెట్టి తాగనిచ్చింది. పాతదాని రంగు తేనె రంగుకు తిరిగి ఉంది. పొగ దాదాపు లేదు. చేదు మెత్తబడింది, తీపి త్వరగా వచ్చింది, కానీ కొత్తదానిలో ఉన్న ఆ చురుకు లేదు. యున్నాన్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పదేళ్లయినా టీ నెమ్మదిగానే మారుతుందట. తేమ ఎక్కువ ఉండే దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో దాచినది ఇంకా ముదురు రంగులో, వేరే రుచితో ఉంటుంది. బాగుంది, కానీ నాకు ఆ డబ్బుతో మూడు కొత్తవి కొనుక్కుని నేనే దాచుకోవడం నచ్చింది. అలాగే చేశాను. డబ్బా మీద తేదీలు ఒకసారి చూసుకున్నాను, అన్నీ 2024వే.

కొత్తవి కొనేటప్పుడు వేరే కొట్టులో ఒకటి చూశాను, డబ్బా బాగానే ఉంది కానీ తేదీ ముద్ర దిద్దినట్టు కనిపించింది. కొట్టు ఆయన "పాతది, తీసుకో" అని పదేపదే అన్నాడు. నేను తాగి చూస్తానన్నాను, ఒప్పుకోలేదు, వచ్చేశాను. టీ తాగనివ్వని చోట పాత టీ కొనకండి.

జూలై రెండో వారంలో ఇంటికి బయల్దేరాను. దాలి నుంచి కున్‌మింగ్‌కు హైస్పీడ్ రైల్లో రెండు గంటలు, అక్కడి నుంచి బ్యాంకాక్ మీదుగా హైదరాబాద్, ఆపై తెనాలి. టీ సూదిని చెకిన్ సామానులోనే వేయాలి, చేతి బ్యాగులో పెడితే తీసేసుకుంటారు. తువోలను బట్టల మధ్య పెట్టాను, గైవాన్‌ను మేజోళ్లలో చుట్టాను.

తెనాలిలో మొదటి రోజే పెద్ద ఆశ్చర్యం. అదే ఆకు, అదే 5 గ్రాములు, అవే సెకన్లు, టీ మాత్రం విపరీతమైన చేదు. కాసేపు ఆలోచిస్తే తట్టింది, ఇక్కడ నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. దాలిలో ఏ జాగ్రత్తా లేకుండా దక్కిన 93 డిగ్రీలు ఇక్కడ నేనే తెచ్చుకోవాలి. కెటిల్ ఆపి మూత తీసి రెండు నిమిషాలు ఆగి పోశాను, కుదిరింది. ఇక నీళ్ల సంగతి. మా ఇంటి బోరు నీళ్లతో పెడితే టీ రంగు మసకబారి, పైన సన్నటి తెట్టు కట్టింది, తీపి అసలు రాలేదు. ఆర్ఓ క్యాన్ నీళ్లతో తేటగా వచ్చింది, కాస్త పలచగా అనిపించినా చేదు, తీపి రెండూ వాటి చోట్లలో ఉన్నాయి. బోరు నీళ్లున్న ఇళ్లలో ఈ టీ తాగి బాగోలేదనుకునేవాళ్లు ఒక్కసారి నీళ్లు మార్చి చూడాలి.

అమ్మ ఒక గుక్క తాగి, "కషాయమే కదే ఇది, పాలు పొయ్యకుండా ఎట్లా తాగుతార్రా" అంది. తన కప్పులో పాలు, పంచదార వేసుకుంది. పొగ వాసన ఇంకా పైకి తేలింది, పాలు విరిగినట్టు ఒక వాసన. ఈ టీకి పాలు కుదరవు, ఇంట్లోవాళ్లు అడిగితే ముందే చెప్పేయండి. నాన్న మాత్రం మొదటి రోజు ఏమీ అనకుండా తాగేసి, రెండో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక "నీ టీ పెట్టమ్మా" అన్నారు. ఆ నెలన్నరలో ఆయనకు ఎనిమిదో విడత అంటే ఇష్టమని తెలిసింది, చేదంతా పోయి ఉత్త తీపి నీళ్లు మిగిలే దశ అది. చిన్న కప్పులు ఆయనకు నచ్చలేదు. స్టీలు గ్లాసులో మూడు విడతలు కలిపి పోసేదాన్ని.

దాచే చోటు కోసం ఇల్లంతా తిరిగాను. వంటింట్లో పోపు, ఇంగువ. పూజ గదిలో అగరొత్తులు, కర్పూరం. బీరువాలో కలరా ఉండలు. ఈ టీ ఆకు పక్కన ఉన్న వాసన ఏదైనా పట్టేస్తుంది, వదలదు. ఫ్రిజ్ అసలు వద్దు. చివరికి హాల్లో షెల్ఫు పైన, ఎండ తగలని చోట, కొత్త మట్టి కుండను కడిగి బాగా ఎండబెట్టి, ఒక తువోను కాగితంతో సహా అందులో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టాను. వానాకాలం కాబట్టి బూజు భయం ఉంది. తెల్లగా గానీ ఆకుపచ్చగా గానీ నూగు కనిపిస్తే తాగొద్దు, పారెయ్యమని అమ్మకు చెప్పాను. వారానికోసారి వాసన చూస్తానంది. వీడియో కాల్‌లో తువోను తిప్పి తిప్పి చూపిస్తుంది. అక్టోబర్ ఆఖరుకు బూజు లేదు, ఆకు రంగు కాస్త ముదిరినట్టు ఉంది, పొగ వాసన తగ్గిందని నాన్న అంటున్నారు.

ఒక టీకి 5 గ్రాములు చొప్పున తువో ఇరవై సార్లకు వస్తుంది, అంటే ఒకసారికి 17 రూపాయల లోపు. ఆ ఒకసారిలోనే లీటరు టీ తాగుతాను, చివరి ఆకును ఫ్లాస్కులో వేసి వేడినీళ్లు పోసి క్లినికల్ పోస్టింగ్‌కు పట్టుకెళ్తాను. మా హాస్టల్ కింద బబుల్ టీ ఒక కప్పు 15 యువాన్లు.

దాలిలో నా దగ్గర ఇంకో రెండు తువోలు విప్పకుండా ఉన్నాయి. వాటిలో ఒకటి ఫిబ్రవరి సెలవులకు తెనాలి తీసుకెళ్లి, కుండలో ఉన్నదాని పక్కన పెట్టి, ఒకే నీళ్లతో, ఒకే తూకంతో టీ పెడతాను. రెండూ ఒకే ఏడు తయారైనవి, ఒకటి కొండ మీది పొడి గాలిలో, ఇంకోటి కృష్ణా డెల్టా తేమలో. తేడా ఏమిటో నాన్నే ముందు చెప్పాలని అడిగాను. సరేనన్నారు, స్టీలు గ్లాసు మాత్రం మార్చనన్నారు.